నా బదీల్

జనవరి 17, 2016, ఆదివారం. క్యాంపు

నాలుగో రిగ్గును పడుకోబెట్టేశారు. పొద్దున టీ తాగేటప్పుడు నిలబడే ఉంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఇసుకలో పొడుగ్గా పడి ఉంది. దాని మనుషులు సంచులు సర్దుకుని నీడ కోసం వెతుక్కుంటున్నారు. రిగ్గుకైతే ఎవరో ఒకరు టార్పాలిన్ కప్పుతారు.

బారెలు చమురు ముప్పై డాలర్ల కిందికి పోయిందట. ఆ లెక్కలు నేను రాయను. రాసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల గదుల్లో ఏసీ ఉంది. నేను రాసుకోవాల్సింది ఇంకొకటి. ఈ ఎడారిలో ఉద్యోగాలు రెండు రకాలు. పెద్ద కంపెనీకి నేల ఉంది, నేల కింద చమురు ఉంది. ధర పడితే దాన్ని అక్కడే దాచుకుని పదేళ్లు కూర్చోగలదు. మాది సర్వీసు కంపెనీ. మా దగ్గర పంపులు, సిమెంటు, మనుషులు. బావి తవ్వితేనే మాకు పని. తవ్వడం ఆపితే పంపుల్ని షెడ్డులో పెడతారు, మనుషుల్ని రోడ్డు మీద పెడతారు.

పెద్ద కంపెనీలో ఒక మనిషిని తీసెయ్యాలంటే అదొక పెళ్లి తంతు. కమిటీ పడుతుంది, సలహాదారులు వస్తారు, ఉత్తరాలు నడుస్తాయి, ఏడాది గడుస్తుంది. చివరికి అతనికి ఒక షీల్డు ఇచ్చి, ఫొటో తీసి, ముందస్తు విశ్రాంతి అని పేరు పెడతారు. మా దగ్గర బుధవారం తెల్లారి బస్సు దగ్గర కష్ఫ్ చదువుతారు, అంటే పేర్ల జాబితా. పేరుంటే ఎక్కుతావు. లేకపోతే నీ సంచీతో నువ్వు నిలబడతావు. ఎవరూ ఏమీ అనరు. డ్రైవరు తలుపు వేస్తాడు.

ఈ వారం పదకొండుమంది పోయారు, బెంగాలీలు, మలయాళీలు. వాళ్లకి కష్ఫ్ కూడా లేదు, నేరుగా విమానమే. నేను సంతకం పెట్టిన ఒప్పందంలో "ఒమానీ కార్మికులు" అని ఉంది. వీళ్ల సంగతి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా సిమెంటు కాంట్రాక్టుని పెద్ద కంపెనీ ఇంకొకడికి ఇచ్చేస్తోంది, చవగ్గా చేస్తానన్నాడు కాబట్టి. ఎప్పుడో తెలియదు. అయినా ఒమానీలకు భయం లేదు. డిసెంబరులో యూనియన్ తరఫున నేను కొట్లాడి రాయించిన వాక్యం ఉంది: "అప్పగింత రోజున బావి దగ్గర పనిలో ఉన్న ఒమానీ కార్మికులందరినీ కొత్త కంపెనీ చేర్చుకోవాలి." మేనేజర్ల మేనల్లుళ్లు మస్కట్ ఆఫీసుల్లోంచి వచ్చి జాబితాలో దూరకుండా నేనే బల్ల గుద్ది "బావి దగ్గర" అని పెట్టించాను. ఆ రెండు మాటలకి చప్పట్లు కొట్టారు.

భయం లేదు. లేదనే రాసుకుంటున్నాను.

జనవరి 20, బుధవారం. ఆదమ్ ఊరు, ఇల్లు

మస్కట్ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి "బదీల్ అంటే ఏమిటండీ, మీ ఫారంలో ఉంది" అని అడిగింది. నా బదులు వచ్చేవాడమ్మా అన్నాను. పద్నాలుగు రోజులు నేను, పద్నాలుగు రోజులు అతను. ఒకే ఉద్యోగం, ఒకే మంచం. పన్నెండేళ్లుగా మేం కలిసేది బస్సు దిగేవాళ్లు ఎక్కేవాళ్లు ఎదురుపడే ఆ పది నిమిషాలే. ఇన్నేళ్లు ఒకే మంచం వాడుకుని దాని మీద ఒక్కసారీ కలవని జంట లోకంలో మనదొక్కటే అంటాడు హారిబ్.

ఇవాళా పది నిమిషాలే. రెండో పంపు వణుకుతోందని చెప్పాను. వంటవాడు పప్పులో ఉప్పు మానేశాడని చెప్పాను. హారిబ్ ముఖం బాగాలేదు. పొద్దున కష్ఫ్‌లో మూడు పేర్లు లేవట. నాసిర్‌ది లేదు. సంచీ పట్టుకుని బస్సు పక్కనే కొంత దూరం నడిచాడట, ఎవరైనా పొరపాటున తలుపు తీస్తారేమోనని.

"మనకేంలే, అబూ గాసిబ్," అన్నాడు హారిబ్. గాసిబ్ నాన్నా అని, కొడుకు పేరుతోనే నన్ను పిలుస్తాడు. "నువ్వు రాయించింది ఉందిగా. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించమంటోంది."

"కట్టించు. మేకు నేను కొడతాను," అన్నాను.

జనవరి 22, శుక్రవారం

మధ్యాహ్నం అత్తగారింట్లో భోజనం. మా ఆవిడ జువైనా వాళ్లన్న సులయ్యిమ్ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. పెద్ద కంపెనీలో ఇరవై ఏడేళ్లు, కాంట్రాక్టుల విభాగం. పిలిచి కాఫీ ఇచ్చారట. నీ అనుభవం మాకు అమూల్యం అన్నారట. ఆ మాటతోనే తన పని అయిపోయిందని తెలిసిందట. ఆలోచించుకోవడానికి ఆరు నెలలు గడువు. ఆసుపత్రి సదుపాయం ఎప్పటిలాగే. ఇంట్లో ఖాళీగా ఎలా బతకాలో నేర్పడానికి మూడు రోజుల తరగతి, అందులో ఒక పూట కూరగాయల పెంపకం.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. మా నాసిర్‌కి బస్సు డ్రైవరు మూడు నిమిషాలు కూడా ఇవ్వలేదని చెప్పాను.

"మేం ఒక్క ఒమానీని కూడా తీసెయ్యలేదు, జహ్రాన్," అన్నాడు సులయ్యిమ్. "పేపర్లో కూడా వేశారు."

"మీరు మనుషుల్ని తీసెయ్యరు. రిగ్గుల్ని ఆపుతారు. మనుషులు వాళ్లంతట వాళ్లే రాలిపోతారు."

"ఆపమని నేను చెప్పానా?"

"ఆపమన్న ఉత్తరం మీద సంతకం ఎవరిది?"

అత్తగారు అన్నం చల్లారిపోతోందని అడ్డం వచ్చింది. జువైనా నన్ను చూసిన చూపు ఇంటికొచ్చాక కూడా నా మీదే ఉంది.

తర్వాత కారు దగ్గరికి రమ్మన్నాడు సులయ్యిమ్. క్షమాపణ చెబుతాడనుకున్నాను. చెప్పింది వేరు. నా వాక్యాన్ని వాళ్ల లాయర్లు అక్షరాలా చదువుతున్నారు. అప్పగింత రోజు బావి దగ్గర కాళ్ల మీద నిలబడి ఉన్నవాళ్లు మాత్రమే. సెలవులో ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లు లేనట్టే. కొత్త కంపెనీకి కూడా సరిగ్గా సగంమందే కావాలి. అందుకే డిసెంబరులో ఆ రెండు మాటలకు అంత సులభంగా ఒప్పుకున్నారు.

"కావాలనే అలా రాశావేమో అనుకున్నాను," అన్నాడు. "అరవై మంది మనుషులు, చేతిలో ముప్పై కుర్చీలు. నువ్వు తెలివైనవాడివి కదా."

తేదీ కూడా చెప్పాడు. ఫిబ్రవరి 21. తను చెప్పానని ఎక్కడా అనొద్దన్నాడు.

నేను తెలివైనవాణ్ణి కాను. మాలో ఎవరూ కారు. ఆ సమావేశంలో ముప్పైమంది ఉన్నాం, ఇంట్లో ఉన్న మనిషి బావి దగ్గర లేనట్టే అని ఒక్కడికీ తట్టలేదు. సెలవులో బజారులో కనిపించినవాణ్ణి అడిగినా "పదహారో బావి మీద ఉన్నాను" అంటాడు. పెళ్లిలో హల్వా తింటూ కూడా అలాగే అంటాడు. మేం అలాగే మాట్లాడతాం. మా మాటను మాకే తిప్పి గుచ్చారు.

జనవరి 23, శనివారం

తేదీకి ముందే సవరణ అడిగే హక్కు మాకుంది. ఒక ఉత్తరం చాలు. రేపు ఆదివారం, యూనియన్ కమిటీ సమావేశం. రేపు చెబుతాను.

జనవరి 24, ఆదివారం

చెప్పలేదు.

చెబితే సులయ్యిమ్ దొరికిపోతాడు. అతని ఆరు నెలలూ పోతాయి, ఆసుపత్రి సదుపాయం పోతుంది. పిల్లలున్నవాడు. బంధువు గొంతు కోసి న్యాయం మాట్లాడలేను కదా. పైగా అతను చెప్పింది ఖాయమని ఏముంది? పెద్ద కంపెనీవాళ్లు తమలో తామే వదంతులు పుట్టించుకుంటారు, పని లేక. ఖాయమని తేలితే వచ్చే ఆదివారం చెబుతాను.

జనవరి 26, మంగళవారం

వంటగది గోడ మీద పాఠశాల క్యాలెండరు ఉంది. జువైనా టీచరు, పిల్లల పరీక్షల తేదీలకు చుక్కలు పెట్టుకుంటుంది. దాని ముందు నిలబడి వేలితో లెక్కపెట్టాను. నేను ఫిబ్రవరి 3న వెళ్తాను, 17న వస్తాను. 17న హారిబ్ వెళ్తాడు. 21న బావి దగ్గర ఉండేది హారిబ్. ఇక్కడ, ఈ క్యాలెండరు ముందు ఉండేది నేను.

మూడుసార్లు లెక్కపెట్టాను. ఏదో ఒకసారి వేరే రోజు రాకపోతుందా అని.

జువైనా వెనక నుంచి వచ్చి ఏం చూస్తున్నావంది. అమ్మ కంటి ఆపరేషన్ ఏ రోజా అని చూస్తున్నాను అన్నాను. నిజమే, అమ్మకి శుక్లం ఆపరేషన్ ఉంది, ఎనిమిదో తేదీన నిజ్వాలో. తమ్ముడు తీసుకెళ్తానన్నాడు.

నాకు నలభై ఏడేళ్లు. పై అంతస్తుకి కప్పు పడలేదు, ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి. నా చేతికి వచ్చిన పని ఒకటే, భూమిలో గొట్టానికీ రాయికీ మధ్య సిమెంటు నింపడం. ఊళ్లో ఎవరికీ అంత లోతు సిమెంటు అవసరం లేదు. ఇంకో సర్వీసు కంపెనీకి వెళ్దామా అంటే అక్కడా కష్ఫ్‌లే. పెద్ద కంపెనీలో ముప్పై దాటినవాణ్ణి తీసుకోరు. ఈ వయసులో నాసిర్‌లా బస్సు పక్కన నడవలేను.

జనవరి 29, శుక్రవారం

హారిబ్‌కి ఫోన్ చేశాను, క్యాంపుకి. అమ్మ కంటి ఆపరేషన్, దగ్గర ఉండాలి, ఇంకో రెండు వారాలు నా బదులు అక్కడే ఉండగలవా, 17న నేను వచ్చి నీ బదులు చేస్తాను అన్నాను. అంటే ఏకబిగిన ఇరవై ఎనిమిది రోజులు. ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోడనే అనుకున్నాను. ఒప్పుకోకపోతే ఆ సంగతి అంతటితో పోతుంది, ఆదివారం కమిటీకి చెబుతాను.

"అమ్మ కన్ను కదా," అన్నాడు. "నేనుంటానులే. గొర్రెల్ని మా బావమరిది చూసుకుంటాడు. నువ్వు ఆవిడ దగ్గరుండు."

మార్పిడి కాగితం క్యాంపు ఆఫీసులో తనే నింపుతానన్నాడు. సరే అన్నాను.

ఇందులో అబద్ధం ఏముంది? ఆపరేషన్ నిజం. అమ్మ నిజం.

జనవరి 31, ఆదివారం

కమిటీ వాయిదా పడింది. నేనే వెయ్యమన్నాను. వచ్చే ఆదివారం చెబుతాను.

ఫిబ్రవరి 3, బుధవారం

బస్సు నేను లేకుండా వెళ్లింది. తెల్లారి నాలుగింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. పన్నెండేళ్లలో నా వారం నేను ఇంట్లో పడుకోవడం ఇదే మొదలు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

ఫిబ్రవరి 9, మంగళవారం

నిన్న అమ్మ ఆపరేషన్ అయింది. తమ్ముడే తీసుకెళ్లాడు. నేను ఇంట్లో కూర్చుని యూనియన్ కరపత్రం రాశాను. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. పెద్ద కంపెనీ తన చేతికి మట్టి అంటకుండా ఎలా తీసేస్తుందో రాశాను. కాంట్రాక్టులో ఒక అంకె మారుస్తుంది, ఆ అంకె మా కంపెనీ మేనేజరు బల్ల మీద పడి మనిషి పేరుగా మారుతుంది. వాళ్లు రాతితో కొడతారు, రాయిని పట్టుకున్న చెయ్యి మాత్రం మా కంపెనీది. పెద్ద కంపెనీ తన ఉద్యోగికి ఆరు నెలలు ఇస్తుంది ఎందుకంటే అతను పేపరుకెక్కుతాడు. మాకు ఇవ్వదు ఎందుకంటే మేం ఇంకొకరి మనుషులం. కరపత్రం రెండు పేజీలు దాటింది. కమిటీవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. "బావి దగ్గర" గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లాను. కంటికి కట్టు. రెండో కంటితో నన్ను వెతుక్కుని చూసింది.

"ఇన్ని రోజులు ఇంట్లో ఉన్నావేం నాయనా? తీసేశారా?"

"లేదమ్మా. నీ ఆపరేషన్ అని ఉండిపోయాను."

"మరి నిన్న రాలేదే?"

ఫిబ్రవరి 14, ఆదివారం

కమిటీ. మిగతా విషయాలే చాలా ఉన్నాయి. వచ్చే ఆదివారం.

వచ్చే ఆదివారం 21.

ఫిబ్రవరి 17, బుధవారం. క్యాంపు

కష్ఫ్‌లో నా పేరు చదివారు. పక్కవాడికి వినపడనంత మెల్లగా పలికాను.

క్యాంపులో హారిబ్ బస్సు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. నెల గడ్డం. కళ్ల కింద సిమెంటు పొడి గీతలు, కడిగినా పోనివి. మొదటి మాట అమ్మ కన్ను ఎలా ఉందని. బాగుంది, సూదిలోకి ఎక్కించే దారం కూడా కనపడుతోందట అన్నాను. రెండో పంపు బాగు చేయించానని చెప్పాడు. అప్పగింత ఎప్పుడో నీకేమైనా తెలిసిందా అని అడిగాడు.

నేను పంపు వైపు చూశాను. తర్వాత డ్రైవరు వైపు. తర్వాత నా బూట్ల లేసు కట్టుకున్నాను, అది కట్టే ఉంది.

"లేదు," అన్నాను.

"సరే. ఇక నేను పడుకోవాలి, అబూ గాసిబ్. నెలరోజులు పడుకోవాలి," అని బస్సెక్కాడు.

ఫిబ్రవరి 21, ఆదివారం

పది గంటలకు అలారం మోగించారు. మంటలు కాదు. అలారం మోగితే అందరం వెళ్లి నిలబడే చోటు ఒకటుంది, అక్కడికి వెళ్లి నిలబడ్డాం. ఇద్దరు కొత్త కంపెనీ మనుషులు, ఒక పెద్ద కంపెనీ మనిషి వచ్చారు. అగ్నిప్రమాద కసరత్తులో లెక్కపెట్టినట్టే వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది. బాత్రూంలో ఉన్న ఒకతన్ని కేకేసి పిలిచారు. ముప్పై.

ఒంటినిండా తొడిగే కొత్త కవరాల్స్ ఇచ్చారు. రంగు మారింది, అంతే. పెద్ద కంపెనీ మనిషి నా చెయ్యి పట్టుకుని ఊపి, ఒక్క ఒమానీకి కూడా అన్యాయం జరగకుండా చూసినందుకు మీ యూనియన్‌కి అభినందనలు అన్నాడు. వ్యంగ్యం కాదు. నిజంగానే అన్నాడు.

పన్నెండింటికల్లా ఇళ్ల దగ్గరున్న ముప్పైమందికి ఫోన్లలో సందేశం వెళ్లింది. రెండు వాక్యాలు.

ఫిబ్రవరి 22, సోమవారం

హారిబ్ ఏడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఫిబ్రవరి 23, మంగళవారం

మూడుసార్లు.

ఫిబ్రవరి 25, గురువారం

చెయ్యలేదు. ఇది ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 2, బుధవారం. ఆదమ్

నా బదులు ఎవరూ రాలేదు. సగంమందితో మొత్తం పని. ఈసారికి ఒక్క వారమే సెలవు, వచ్చే బుధవారం ఎక్కాలి అన్నారు. దీని మీద ఒక కరపత్రం రాయాలి. కలం తీసి మళ్లీ మూసేశాను.

మార్చి 4, శుక్రవారం

హారిబ్ వచ్చాడు. జుమా నమాజు తర్వాత, కొత్త దిష్‌దాషా అంగీలో, పళ్లెంలో ఖర్జూరాలు పెట్టుకుని, అమ్మని చూడటానికి వచ్చానన్నాడు. పన్నెండేళ్లలో మా ఇంటికి రావడం ఇదే మొదలు. కుదిరేది కాదు, నేనుంటే అతనుండడు. జువైనా కాఫీ తెచ్చింది. బయటి గదిలో మేమిద్దరం.

నిజ్వా కార్మిక కార్యాలయంలో ఫిర్యాదు పెట్టాడట. అసలు పట్టిక ప్రకారం 21న బావి దగ్గర ఉండాల్సింది తను. ఎవరో అడిగితే మార్చుకున్నాను కాబట్టి ఆ కుర్చీ నాదే అని. అధికారి మార్పిడి కాగితం తెప్పించి చూశాడు. "ఎవరి కోరికపై" అనే గడి ఖాళీగా ఉంది. పనిచేసేవాళ్లలో ఆ గడి ఎవరూ నింపరు. ఎవరు అడిగారు అన్నాడట అధికారి. అవతలివాడు అడిగి ఉంటే కుర్చీ నీది, నువ్వే అడిగి ఉంటే అతనిది.

కాఫీ గిన్నె కింద పెట్టాను.

"నేనే అడిగానని చెప్పాను," అన్నాడు హారిబ్.

"ఎందుకు?" అని అడిగానో, అడగనే లేదో.

"ఒక్కటే కుర్చీ. నేను లాక్కుంటే నువ్వు పోతావు. ఇద్దరం కొట్టుకుంటే ఇద్దర్నీ పక్కన పెట్టి మూడోవాణ్ణి తెచ్చుకుంటారు, సర్వీసు కంపెనీల సంగతి నీకు తెలియనిదా." ఖర్జూరం గింజ పళ్లెం అంచున పెట్టాడు. "తేదీ నీకు తెలుసు. బూటు లేసు కట్టుకున్నావే, అప్పుడే నాకు అర్థమైంది. బస్సులో ఆదమ్ దాకా అదే ఆలోచించాను. దిగి మళ్లీ వెనక్కి వద్దామనుకున్నాను. కానీ నెల రోజులైంది, నిద్ర వచ్చేసింది."

అమ్మ కంటికి దువా చేసి వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నా దగ్గర జవాబులు ఉండేవి. పెద్ద కంపెనీ మీద ఒకటి, మా కంపెనీ మీద ఒకటి, ధర మీద ఒకటి.

మార్చి 5, శనివారం

వాదించుకుంటున్నాను. అతనికి గొర్రెలున్నాయి, నాకు లేవు. నేను పోతే యూనియన్‌కి నోరుండదు. అతనే ఒప్పుకున్నాడు, నేను బలవంతం చెయ్యలేదు. వ్యవస్థ ఒక్క కుర్చీ పెట్టి ఇద్దర్ని నిలబెడితే తప్పు కూర్చున్నవాడిది ఎలా అవుతుంది? వ్యవస్థది. ఇది నిజం. నూటికి నూరుపాళ్లు నిజం. ఇరవై రెండేళ్లుగా ఇదే చెబుతున్నాను.

కానీ జనవరి 24న ఆ వ్యవస్థ కమిటీ గదిలో లేదు. నేనున్నాను. నోరు తెరిస్తే ముప్పైమందీ మిగిలేవారేమో.

భయం వేస్తోంది. ఉద్యోగం పోతుందనే. మిగతావన్నీ తర్వాత. నిజం రాయాలి కదా, ఇక్కడైనా.

మార్చి 6, ఆదివారం

నిజ్వా వెళ్లాను. రెండు కాగితాలు రాసుకెళ్లాను. ఒకటి, మార్పిడి అడిగింది నేనని. రెండు, వాక్యం అర్థమూ తేదీ నెల ముందే తెలిసి కమిటీకి చెప్పలేదని. సులయ్యిమ్ పేరు రాయలేదు. దారిలో రెండుసార్లు కారు ఆపాను, వెనక్కి తిప్పుదామని.

అధికారి కుర్రవాడే, ముఖంలో అలసట. మొదటి కాగితం చదివి నన్ను పైనుంచి కిందికి చూశాడు. పెద్ద కంపెనీవాళ్లొస్తే లాయరుతో వస్తారు, మీ సర్వీసు కంపెనీలవాళ్లెవరూ తమ మీద తామే ఫిర్యాదు చేసుకోవడం చూడలేదన్నాడు. రెండో కాగితం వెనక్కి తోశాడు. దీనికి నా దగ్గర ఫైలు లేదండీ అన్నాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాను. కమిటీ సమావేశం ఇవాళ సాయంత్రమే. వెళ్లి అందరి ముందూ చదివాను. ఎవరూ అరవలేదు. ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. అతని కొడుకు ముప్పైమందిలో ఒకడు.

అంతకుముందు నిజ్వాలో, అధికారి నా ముందే కొత్త కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల గొంతు నాకు కూడా వినపడింది. బుధవారం బస్సులో సిమెంటు సూపర్‌వైజరు ఒకడుండాలి, జహ్రాన్ అయినా హారిబ్ అయినా మాకు తేడా లేదు, పేరు సాయంత్రంలోగా పంపండి అంది ఆ గొంతు.

"ఏ పేరు రాయమంటారు?" అని అడిగాడు అధికారి.

చెప్పాను.

మార్చి 7, సోమవారం

హారిబ్‌కి ఫోన్ చేశాను. సంతోషిస్తాడనుకున్నాను. లేదు, కృతజ్ఞత చెబుతాడనుకున్నాను. ఇక్కడైనా నిజం రాయాలి.

నీ పేరే ఇచ్చానని చెప్పాను.

"మొదటిసారి అబద్ధం చెప్పి అడిగావు," అన్నాడు. "ఈసారి అసలు అడగనే లేదు. నా ఉద్యోగం గురించి రెండుసార్లూ నువ్వే తేల్చేశావు, అబూ గాసిబ్."

వెళ్తావా అని అడిగాను.

"వెళ్తాను. పిల్లలున్నారు. నీ మీద కోపంతో పస్తులుంటానా?" ఫోన్ పెట్టెయ్యలేదు. "కొత్తవాళ్ల పంపుకి ఏ నూనె వాడుతున్నారు?" అని అడిగాడు. చెప్పాను. మొదటి వారం అది ఎక్కడ మొరాయిస్తుందో కూడా చెప్పాను. అరగంట చెప్పాను. నా పని అంతా చెప్పేసినట్టయింది.

మార్చి 9, బుధవారం

జువైనా బడికి వెళ్లేముందు గుమ్మంలో ఆగింది. నా బూట్లు వాకిట్లోనే ఉన్నాయి. బస్సు వెళ్లిపోయి రెండు గంటలైంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

"ఇక వెళ్లను," అన్నాను. "పోయింది."

చేతిలో పుస్తకాలు గోడ మీద పెట్టింది. పై అంతస్తు చువ్వల వైపు చూసింది, తర్వాత నా వైపు.

"ఎవరు తీసేశారు? పెద్ద కంపెనీవాళ్లా, మీవాళ్లా?"

ఈ ప్రశ్నకు ఇరవై రెండేళ్లుగా ఊళ్లో అందరికీ నేనే సమాధానం చెబుతున్నాను. గంటలకొద్దీ చెప్పగలను.

"బడికి ఫోన్ చెయ్యి, ఇవాళ రాలేనని," అన్నాను. "కూర్చో."

కూర్చుంది. క్యాలెండరు ముందు నేను నిలబడ్డ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను.